ఎర్రర్ రాలేదు సరే, టోటల్ కరెక్టేనా? ఎస్‌ఎస్‌ఎంఎస్‌లో రిపోర్ట్ ప్రొసీజర్ నడిపే పద్ధతి

నమస్తే అండి. ఒకటో తారీఖు వచ్చిందంటే మాదాపూర్‌లో ఏ ఆఫీసైనా అకౌంట్స్ వాళ్లది ఒకటే మాట: "పోయిన నెల సేల్స్ రిపోర్టు తీసివ్వండి." ప్రొసీజర్, అంటే డేటాబేస్‌లో పేరు పెట్టి దాచుకున్న కోడ్, ఎవరో ఎప్పుడో రాసి పెట్టి ఉంటారు, మీరు నడిపితే చాలు. ఎఫ్5 కొట్టేదానికి వీడియో ఎందుకండీ అంటారా? ఎర్రక్షరాలు కనబడితే మనమే ఆగుతాం. ఏ ఎర్రరూ లేకుండా తప్పు టోటల్ వస్తే మాత్రం అదే మెయిల్లో పెట్టి పంపేస్తాం. ఇవాళ ఎక్కువగా దాని గురించే.

ఎస్‌క్యూఎల్ సర్వర్ మేనేజ్‌మెంట్ స్టూడియో, అదే ఎస్‌ఎస్‌ఎంఎస్, తెరవగానే పైన టూల్‌బార్‌లో డేటాబేస్ పేరు చూడండి. చాలాసార్లు మాస్టర్ అని ఉంటుంది, అది సర్వర్ సొంత డేటాబేస్. అక్కడ నిలబడి పిలిస్తే ప్రొసీజర్ దొరకలేదని 2812 ఎర్రర్ ఇస్తుంది. మన డేటాబేస్ ఎంచుకున్నాక, నడిపే ముందు ఎస్‌పీ అండర్‌స్కోర్ హెల్ప్‌టెక్స్ట్‌తో లోపలి కోడ్ ఒకసారి చదవండి. పేరులో రిపోర్ట్ అని ఉన్నా చివర్లో డేటాను మార్చేసే ఒక అప్‌డేటో, టేబుల్ ఖాళీ చేసే ట్రంకేటో కూర్చుని ఉండొచ్చు. లైవ్ సర్వర్ మీద ఆ సంగతి తర్వాత తెలిస్తే ఏం లాభం?

పిలిచేటప్పుడు విలువలను వట్టి వరుసలో ఇవ్వకండి, ప్రతి పారామీటర్‌కూ, అంటే ప్రొసీజర్ అడిగే ప్రతి విలువకూ, పేరు రాయండి. రేపు ఎవరైనా మధ్యలో ఒక పారామీటర్ చేరిస్తే వరుసను నమ్ముకున్న లైను ఒకదాని విలువ ఇంకోదానికి ఇచ్చేస్తుంది. డేట్ దగ్గర ఇప్పటి తారీఖు, టైమ్ ఇచ్చే గెట్‌డేట్ ఫంక్షన్‌ను నేరుగా పెడితే సింటాక్స్ ఎర్రరే. ముందు డిక్లేర్ చేసి వేరియబుల్లో వేసుకోవాలి. మధ్యలో గో (బ్యాచ్‌ను ముగించే మాట) రాశారా, ఆ వేరియబుల్ అక్కడితో ఖతం.

ఇక తారీఖుల దగ్గరకొద్దాం, అసలు గొడవంతా ఇక్కడే. పారామీటర్ టైపు డేట్‌టైమ్ (తారీఖుతో పాటు టైమ్ కూడా ఉండేది) అనుకోండి, మీ లాగిన్ భాష బ్రిటిష్ ఇంగ్లిష్. మీరు 2025-04-05 అని ఇస్తే సర్వర్ దాన్ని మే 4 అని చదువుతుంది. 2025-04-30 ఇస్తే 30వ నెల లేదు కాబట్టి 8114 ఎర్రర్. అంటే రోజు 12 దాటితేనే తప్పు పట్టుబడుతుంది, అంతకు లోపల నోరు మెదపదు. గీతలు తీసేసి 20250405 అని కోట్స్‌లో ఇవ్వండి, లాగిన్ భాష ఏదైనా ఏప్రిల్ 5 అనే చదువుతుంది.

రెండోది, నెలాఖరు. లోపల బిట్వీన్ (ఇక్కడి నుంచి ఇక్కడి వరకు అనే షరతు) రాసి ఉండి, మీరు 20250430 వరకు అని ఇస్తే అది 30వ తారీఖు అర్ధరాత్రి సున్నా గంటల దగ్గరే ఆగుతుంది. ఆ రోజు కూకట్‌పల్లి బ్రాంచిలో జరిగిన అమ్మకాలన్నీ గల్లంతు. సరైన మందు కోడ్‌లోనే ఉంది: ఏప్రిల్ 1 నుంచి, మే 1 కంటే తక్కువ అని రాయడం. కోడ్ ముట్టుకునే వీల్లేకపోతే, డేట్‌టైమ్‌కు 20250430 పక్కన 23:59:59.997 ఇవ్వండి. .999 ఇస్తే మే 1కి రౌండ్ అయిపోతుంది, జాగ్రత్త.

బ్రాంచి పేర్లు తెలుగులో ఉన్నాయా? కోట్ ముందు పెద్ద ఎన్ అక్షరం తప్పనిసరి. అది లేకపోతే మామూలు కొలేషన్‌లో (డేటాబేస్ అక్షరాల సెట్టింగ్) 'దిల్‌సుఖ్‌నగర్' కాస్తా ప్రశ్నార్థకాల వరుసగా మారిపోతుంది. రిజల్ట్‌లో రికార్డులు సున్నా, ఎర్రర్ కూడా సున్నా. "ఆ బ్రాంచిలో బేరాలే లేవు" అని పైవాళ్లకు చెప్పేస్తారు, పాపం.

రిజల్ట్ వచ్చాక కంట్రోల్ షిఫ్ట్ సి కొడితే హెడింగులతో సహా కాపీ అవుతుంది. అకౌంట్ నంబర్లుంటే ఎక్సెల్‌లో ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్ చేసుకోండి. లేకపోతే ముందున్న సున్నాలు పోతాయి, 15 అంకెలు దాటినవి సున్నాలవుతాయి.

చివరిగా అమీర్‌పేట క్లాసుల్లో కూడా అడిగే ప్రశ్న: "ఇక్కడ రెండు సెకన్లలో వస్తోంది, అప్లికేషన్‌లో మాత్రం టైమవుట్, ఎందుకు?" డాట్‌నెట్‌లో కమాండ్ టైమవుట్ మామూలుగా 30 సెకన్లు, స్టూడియోలో హద్దే లేదు. అదొక్కటే కాదు. స్టూడియో అరిత్‌అబార్ట్ అనే సెట్టింగ్‌ను ఆన్ పెట్టి కనెక్ట్ అవుతుంది, అప్లికేషన్‌ది మామూలుగా ఆఫ్. అందుకని రెండింటికీ వేర్వేరు ప్లాన్‌లు, అంటే క్వెరీ నడిపే పద్ధతులు, సర్వర్ మెమరీలో (క్యాష్‌లో) దాచి ఉంటాయి. అప్లికేషన్ ప్లాన్ మొదట ఏ చిన్న బ్రాంచికో తయారై ఉంటుంది, ఇప్పుడు దాంతోనే అన్ని బ్రాంచిలూ లాగుతోంది. నమ్మకం కుదరకపోతే సెట్ అరిత్‌అబార్ట్ ఆఫ్ అని కొట్టి, అవే విలువలతో మళ్లీ నడపండి. ఇక్కడా నెమ్మదించిందంటే చాలామటుకు దొంగ దొరికినట్టే. లోపల బరువైన క్వెరీ చివర ఆప్షన్ రీకంపైల్ పెట్టండి, ప్రతిసారీ ప్లాన్ కొత్తగా తయారవుతుంది. నెలకోసారి నడిచేదానికి ఆ ఖర్చు లెక్కలోకి రాదు. సెకనుకు వందసార్లు పిలిచే ప్రొసీజర్‌కు మాత్రం పెట్టకండి, సీపీయూ అక్కడే అరిగిపోతుంది.