ఆరు ప్రతుల ఖర్చు

(దృశ్యం: తెల్లవారుజాము. నరసాపురం వైపు రోడ్డు. ఆటో నిండా ఆడవాళ్లు, ఒళ్లో క్యారేజీలు.)

వ్యాఖ్యానం: రొయ్యల షెడ్డుకు ప్రయాణం. తల తీసి, పొట్టు వలిచి, కిలోల లెక్కన కూలి తీసుకుంటారు. తూకం వేసేది మేస్త్రీ. రేపు ఎవరు పనికి రావాలో చెప్పేదీ అతనే. అతని చెయ్యి హద్దు మీరితే ఎవరితో చెప్పుకోవాలి?

పని ప్రదేశంలో లైంగిక వేధింపులను అరికట్టే చట్టం 2013లో వచ్చింది. దానికి దారి వేసింది 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు. పేరు చూసి మన విశాఖపట్నం అనుకోకండి, అది రాజస్థాన్‌లోని ఒక మహిళా సంస్థ.

(దృశ్యం: షెడ్డు గేటు. హాజరు పుస్తకం.)

"ఆమె మా మనిషి కాదు, కాంట్రాక్టరు తెచ్చిన కూలి" అని యజమాని తప్పించుకోలేడు. రోజుకూలీకీ, కాంట్రాక్టు మనిషికీ ఈ చట్టం వర్తిస్తుంది. పదిమంది లోపు పనిచేసే చోట, లేదా వేధించింది యజమానే అయితే, జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి. గడువు 3 నెలలు. తగిన కారణం ఉంటే మరో 3 నెలలు ఇస్తారు. విచారణ 90 రోజుల్లో ముగించాలి.

ఫిర్యాదుకు రుసుము లేదు. కానీ ఖర్చు లేదని ఎవరన్నారు?

(దృశ్యం: జెరాక్స్ దుకాణం. కౌంటరు మీద చిల్లర.)

నిబంధనల ప్రకారం ఫిర్యాదు ఆరు ప్రతుల్లో ఇవ్వాలి. సాక్ష్యాలు జతచేయాలి. విచారణకు భీమవరం రమ్మంటే బస్సు ఛార్జీ, ఆ రోజు కూలి పోవడం. సాక్షిగా వచ్చే పక్కింటి అక్క కూలి కూడా పోతుంది. అందుకే చాలా ఫిర్యాదులు మొదటి వాయిదా దగ్గరే నీరుగారిపోతాయని నా అనుమానం.

ఈలోగా పెద్దమనుషులు వస్తారు. "ఎంతో కొంత ఇప్పిస్తాం, వదిలెయ్యమ్మా" అంటారు. ఆమె కోరితే రాజీ ప్రయత్నం చేయవచ్చు గానీ, డబ్బును ఆధారం చేసుకుని రాజీ కుదర్చకూడదని చట్టం స్పష్టంగా చెబుతోంది. అయినా చేతిలో పైసా లేనివాళ్లకు ఆ మాట ఎంతసేపు కాపు కాస్తుంది?

గోదావరి జిల్లాలకు ఈ లెక్క కొత్త కాదు. 1881లో రాజమహేంద్రవరంలో వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ ఉద్యమానికి డబ్బుతో అండగా నిలిచింది కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య. వీరేశలింగం గారి ధైర్యం అందరికీ గుర్తుంది, రామకృష్ణయ్య గారి సంచి ఎందరికి గుర్తుంది?

(దృశ్యం: అరుగు మీద మహిళా సంఘం సమావేశం. రేకు పెట్టె.)

ఇప్పుడు వర్తకుడి కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఇరవైమంది నెలకు పది రూపాయలు వేస్తే ఏడాదికి 4,800... కాదు, తొందరపడ్డాను, 2,400. నాలుగైదు వాయిదాల ఛార్జీలకూ, జెరాక్సులకూ, కొంత కూలి నష్టానికీ సరిపోవచ్చు.

అయితే ఈ డబ్బు పొదుపు ఖాతాలో కలపకండి. అప్పుగానూ ఇవ్వకండి. అప్పయితే వసూలు రోజున ఎవరు తీసుకున్నారో, ఎందుకో ఊరంతా చెప్పుకుంటుంది. ఫిర్యాదు చేసిన మహిళ వివరాలు బయటపెట్టకూడదన్నదీ చట్టమే.

(దృశ్యం: లెక్కల పుస్తకం దగ్గరగా. పెన్ను కదులుతుంది.)

పుస్తకంలో పేరు రాయరు. తేదీ, పక్కన ఒక్క మాట: "ప్రయాణం". కింద ఇద్దరి సంతకాలు.