టర్కిష్‌లో టైమ్ చెప్పడం: తొమ్మిదో అంకెతో మొదలుపెడదాం

నమస్తే అండీ. ఇవాళ టర్కిష్‌లో టైమ్ అడగడం, చెప్పడం నేర్చుకుందాం. పెన్నూ పేపరూ దగ్గర పెట్టుకోండి. ముందుగా ఒక్క మాట. దయచేసి ఇంగ్లీషులోంచి ఆలోచించకండి. నెట్‌లో దొరికే పాఠాలు చాలావరకు ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల కోసం చేసినవి. వాళ్లు తడబడే చోట మనకి హాయిగా ఉంటుంది. మనం తడబడే చోటు గురించి ఆ పాఠాలు ఏమీ చెప్పవు. అందుకే ఈ వీడియో.

అన్ని అంకెలూ ఒకేసారి వద్దు. తొమ్మిది ఒక్కటి పట్టుకుందాం. తొమ్మిది అంటే దొకుజ్. పక్కన రెండు చిన్న అంకెలు: ఐదు బెష్, పది ఒన్. గంటకీ గడియారానికీ ఒకటే మాట, సాఆత్. టైమెంత అని అడగాలంటే "సాఆత్ కాచ్?" అనాలి. కాచ్ అంటే ఎన్ని. జవాబు "సాఆత్ దొకుజ్", తొమ్మిది గంటలు.

తొమ్మిదిన్నర? "దొకుజ్ బుచుక్". మనం తొమ్మిది పక్కన "న్నర" తగిలించినట్టే వాళ్లు బుచుక్ తగిలిస్తారు. అదే అరగంట అన్నప్పుడు మనం "న్నర" వాడం కదా, "అర" అంటాం. వాళ్లకీ అంతే. అంకె వెనక వస్తే బుచుక్, విడిగా వస్తే యారిమ్. అరగంట అంటే "యారిమ్ సాఆత్". ఒక్క పన్నెండున్నర మాత్రం వేరు. దాన్ని "సాఆత్ యారిమ్" అంటారు, ఇది గుర్తుంచుకోవాల్సిందే. అన్నట్టు, 2016 నుంచి టర్కీలో ఏడాది పొడవునా ఒకటే టైమ్. మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండు కొడితే ఇస్తాంబుల్‌లో దొకుజ్ బుచుక్.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన భాగం. తొమ్మిదవడానికి ఐదు నిమిషాలుంది అనుకోండి. టర్కిష్‌లో "దొకుజా బెష్ వార్". దొకుజా అంటే తొమ్మిదికి. బెష్ అంటే ఐదు. వార్ అంటే ఉంది. తొమ్మిదికి ఐదు ఉంది! పొద్దున్నే ఇంట్లో అమ్మ గోడ గడియారం చూసి "తొమ్మిదికి ఇంకా ఐదు నిమిషాలుంది, కంగారుపడకు" అంటుందే, అచ్చం అదే వాక్యం, అదే వరస. తొమ్మిది దాటి ఐదైతే "దొకుజు బెష్ గెచియొర్". దొకుజు అంటే తొమ్మిదిని, గెచియొర్ అంటే దాటుతోంది. తొమ్మిదిని ఐదు దాటుతోంది. అంటే మన "కి", మన "ని", అంకెకి వెనకాల అతుక్కుని అలాగే ఉన్నాయి.

ఈ అతుకు అంకెను బట్టి మారుతుంది. దొకుజ్ దొకుజా అవుతుంది, బెష్ మాత్రం బెషె. ఎందుకు మారిందని టెన్షన్ పడకండి. మనం హరికి అంటాం, సీతకు అంటాం. ముందున్న అచ్చును బట్టి కి, కు మారుతున్నాయని ఎప్పుడైనా గమనించామా? నోరు దానంతటదే తిప్పుకుంది. టర్కిష్‌లోనూ కొన్నాళ్లు పైకి చదివితే అంతే.

పావుకి చెయ్‌రెక్ అంటారు. "దొకుజా చెయ్‌రెక్ వార్" అంటే పావు తక్కువ తొమ్మిది. ఈ మాట పెళ్లిళ్లలోనూ వినిపిస్తుంది. అక్కడ పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ ఎర్ర రిబ్బన్ కట్టిన చిన్న బంగారు నాణెం కానుకగా గుచ్చుతారు. దాని పేరు చెయ్‌రెక్ ఆల్తిన్, పావు బంగారం.

ఇక మనం పొరపడే చోటు. ఇస్తాంబుల్‌లో కాదికొయ్ రేవులో నిలబడ్డారు. ఓడ ఎన్నింటికి అని అడగాలి. వాళ్లు ఓడని వాపుర్ అంటారు. ఇప్పటిదాకా "కి" బాగా పనిచేసింది కాబట్టి, ఎన్నింటికి అనడానికి కాచ్‌కి కూడా అదే తగిలించి "కాచా?" అనేస్తాం. కానీ కాచా అంటే ఎంతకి ఇస్తారు అని! కూరగాయల బండి దగ్గర టమాటాల ధర అడిగే మాట అది. టైమ్ అడిగేటప్పుడు "లో" కావాలి. "వాపుర్ కాచ్‌తా?" అనండి. తెలుగువాళ్లు చేయబోయే తప్పు ఇదే. మూడుసార్లు పైకి అనండి: కాచ్‌తా, కాచ్‌తా, కాచ్‌తా.

జవాబు ఎలా వస్తుంది? "దొకుజా బెష్ కాలా". ఇందాకటి వార్ పోయి కాలా వచ్చింది. టైమెంత అంటే వార్, ఎన్నింటికి అంటే కాలా. మనమూ అంతే కదండీ: తొమ్మిదికి ఐదు నిమిషాలు "ఉంది" అన్నది, బస్సు తొమ్మిదికి ఐదు నిమిషాలు "ఉండగా" బయల్దేరుతుంది అవుతుంది. అలాగే గెచియొర్ కాస్తా గెచె అవుతుంది.

గంటలు వదిలి రోజుల్లోకి వస్తే, క్రితం, తర్వాత కూడా మనలాగే వెనకే వస్తాయి. "ఇకి గున్ ఒన్‌జె" రెండు రోజుల క్రితం, "ఇకి గున్ సొన్‌రా" రెండు రోజుల తర్వాత. అంకె ఉంటే చాలు, వాళ్లు బహువచనం పెట్టరు, గున్ గున్‌గానే ఉంటుంది. మొన్న, ఎల్లుండి లాంటి మాటలూ ఉన్నాయి: ఎవ్వెల్‌సి గున్, ఒబుర్ గున్.

వారాల పేర్లన్నీ ఇవాళ చెప్పను, మూడు చాలు. ఆదివారం పాజార్. అవును, మన బజారే! సోమవారం పాజార్‌తెసి, అంటే పాజార్ మర్నాడు. గురువారం పెర్‌షెంబె. ఇస్తాంబుల్‌లో కారాకొయ్ దగ్గర ఇనుప సామాన్లు, పనిముట్లు అమ్మే పెర్‌షెంబె పాజారి ఉంది. హైదరాబాద్‌వాళ్లు జుమ్మెరాత్ బజార్ అంటారు చూడండి, అదీ గురువారం బజారే.

తొమ్మిదో అంకె ఎందుకు తీసుకున్నానో ఇప్పుడు చెప్తాను. ఆధునిక టర్కీని స్థాపించిన ముస్తఫా కెమాల్ అతాతుర్క్ 1938 నవంబర్ 10న ఇస్తాంబుల్‌లోని దొల్మాబాహ్‌చె ప్యాలెస్‌లో కన్నుమూశారు. అప్పుడు ఉదయం తొమ్మిది దాటి ఐదు నిమిషాలు. ఏటా అదే రోజు, అదే నిమిషానికి దేశమంతా సైరన్లు మోగుతాయి. రోడ్డు మీద కార్లు ఆపి దిగి నిలబడతారు. బోస్ఫరస్ జలసంధిలో ఓడలు హారన్ కొడతాయి. ఆ వేళని అక్కడి చిన్న పిల్లలు కూడా ఇలాగే చెప్తారు: "సాఆత్ దొకుజు బెష్ గెచె". ఆ ప్యాలెస్‌కి వెళ్తే ఆయన పడుకున్న గదిలో గడియారం చూడండి. ముళ్లు అక్కడే ఆపి ఉంచారు.