నెల దాటినంక కనిపించే మరక

అక్కలారా, చెల్లెళ్లారా, నమస్కారం.

సంఘం మీటింగ్‌ల ఈ ముచ్చట తీస్తే కొందరు కొంగు అడ్డం పెట్టుకుంటరు. అయినా ఇదే మాట్లాడాలని వచ్చిన. హన్మకొండల నా దగ్గరికి వచ్చేవాళ్లు మళ్లా మళ్లా అడిగేది ఇదే: "మేడం, డేట్ దాటి ఐదారు రోజులైంది. నిన్న కొంచెం మరక కనబడ్డది, మళ్లా లేదు. నెల వచ్చినట్టా, రానట్టా?"

ఆ మరక చూసి మీరు చెప్పలేరు, నేనూ చెప్పలేను.

అండం విడుదలైనంక, అది ఫలిస్తే, పిండం గర్భసంచి గోడకు అతుక్కునేసరికి ఆరు నుంచి పన్నెండు రోజులు పడతది. అంటే దగ్గర దగ్గర మీరు ముట్టు కోసం ఎదురుచూసే రోజులే. అప్పుడు కొందరికి లేత గులాబీ రంగులనో, గోధుమ రంగులనో రెండు మూడు చుక్కలు కనిపిస్తయి. ప్యాడ్ తడవదు, గడ్డలు పడవు, ఒకటి రెండు రోజుల్ల ఆగిపోతది. చాలామందికి అసలే కనిపించదు. మొదటి మూడు నెలల్ల గర్భిణుల్ల దాదాపు నలుగురిల ఒకరికి ఎంతో కొంత రక్తం కనబడతది, అందుల ఎక్కువమంది నెలలు నిండి బిడ్డను ఎత్తుకుంటరు. అందుకే చుక్క కనబడంగనే "పోయింది" అని ఏడ్వకండి. ఆ పిల్లను "బరువులు ఎత్తినవు, బండి మీద తిరిగినవు" అని అత్తలు తిట్టకండి. మొదటి నెలల్ల గర్భం నిలువకపోతే, సగానికి పైగా కారణం పిండంలనే ఉన్న లోపం. తల్లి చేసిన పని కాదు.

అట్లని ప్రతి మరకా గర్భమే అని కూడా కాదు. థైరాయిడ్, పీసీఓడీ (అండాశయాల్ల నీటి బుడగల సమస్య), పిల్లలు కాకుండ మూడు నెలలకోసారి వేసే 'అంతర' ఇంజెక్షన్, కాపర్-టీ, అత్యవసరానికి వేసుకునే గర్భనిరోధక మాత్ర, వీటిల ఏదున్నా మరకలు పడొచ్చు. కొన్నిట్ల నెల కూడా ముందువెనుకలైతది.

మరి తేల్చేదెట్ల? పరీక్షతోటి. గర్భం ఉన్నదో లేదో చూసే 'నిశ్చయ్' కార్డు ఆశక్క దగ్గర ఉచితంగా దొరుకుతది. పొద్దుగాల లేవంగనే వచ్చే మూత్రం శుభ్రమైన గిన్నెల పట్టుకోండి. కార్డు మీదున్న చిన్న గుంటల డ్రాపర్‌తోటి రెండు మూడు చుక్కలు వేసి, ఐదు నిమిషాలు ఆగి చూడండి. రెండు గీతలు వస్తే, రెండోది ఎంత లేతగున్నా, గర్భం ఉన్నట్టే లెక్క. ఒక్కటే వస్తే, అది 'సీ' అక్షరం దగ్గరిదే అయితే, ఇప్పటికి లేనట్టు. 'సీ' దగ్గర గీతే రాకపోతే కార్డు పనిచేయలే, ఇంకోటి తీసుకోండి. లేదని వచ్చినా నెల రాకపోతే వారం ఆగి మళ్లా చేయండి. గర్భం హార్మోన్ మొదట్ల రెండు మూడు రోజులకోసారి రెట్టింపైతది. ఇయ్యాల అందనిది వారానికి అందుతది.

ఇగ నాకు నిద్ర పట్టనియ్యని సంగతి చెప్తా. పత్తి ఏరే రోజుల్ల నర్సంపేట దిక్కు నుంచి ఒక చెల్లెను పట్టుకొచ్చిండ్రు. మరక కనబడితే నెల వచ్చిందనుకుని చేనుకు పోయింది. కడుపుల ఒకపక్క నొప్పి, నిలబడితే కండ్లు తిరుగుడు, భుజం కొన గుంజుడు. భుజం నొప్పి పని వల్లనే అనుకున్నది. అది గర్భసంచిల కాకుండ, అండం వచ్చే ట్యూబుల నిలిచిన గర్భం. ట్యూబు పగిలి రక్తం కడుపులకు కారితే భుజం గుంజుతది. బయటికి చుక్కలే కనబడతయి, లోపల రక్తం పోతనే ఉంటది. ఇది వందల ఒకరిద్దరికి వస్తది. ఆపరేషన్ అయింది, ఆమె బతికింది. ఇట్లాంటి నొప్పి, కండ్లు తిరుగుడు ఉంటే పొద్దటిదాక ఆగకండి. గంటకో ప్యాడ్ నిండినా అంతే. 108కి ఫోన్ చేయండి. వరంగల్ సీకేఎం ప్రసూతి ఆసుపత్రి, హన్మకొండ ప్రసూతి ఆసుపత్రి, ఏది దగ్గరుంటే దానికి పోండి.

అందుకే మెడికల్ షాపుల అడిగి నెల రప్పిచ్చే మాత్రలు, కడుపు పోయే మాత్రలు మింగకండి. గర్భం ట్యూబుల ఉంటే ఆ మాత్రలతోటి పోదు. రక్తం పడ్డది కదా, అయిపోయిందనుకుంటరు, ప్రాణం మీదికొస్తది. గర్భం వద్దనుకుంటే, తీయించుకోవడానికి 1971 చట్టం ఉన్నది, 2021ల సవరించిండ్రు. 20 వారాల దాక ఒక డాక్టర్ అభిప్రాయంతోటి చేయించుకోవచ్చు. పెండ్లయిన ఆమెకు భర్త సంతకం అక్కరలేదు. దాచుకోకుండ మమ్ముల అడగండి.

ఆసుపత్రికొస్తే పోయిన నెల ముట్టు మొదలైన తారీఖు, మరక ఎప్పుడు మొదలైంది, ఎన్ని ప్యాడ్లు మార్చిండ్రు, ఏ మాత్రలు వేసుకున్నరు, ఇవి చెప్పండి. మీ రక్తం గ్రూప్ నెగెటివ్ అయితే అదీ చెప్పండి, ఒక్కోసారి ఇంజెక్షన్ అవసరమైతది. స్కాన్‌ల ఇంకా ఏం కనబడలేదంటే కంగారు పడకండి. గర్భానికి ఆరు వారాలు నిండకముందు గుండె చప్పుడు కనబడకపోవడం మామూలే, వారం పది రోజులకు మళ్లా చూస్తం.

ఇగ మీరు అడగండి. మైకుల అడగడానికి సిగ్గైతే చీటీ రాసి ఆశక్కకు ఇయ్యండి, పేరు రాయనక్కర లేదు.