పనిచేయలేదా, చేరలేదా?

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, కాగితాలు సిద్ధం చేసుకుని కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. లాంఛనాలు ఇక్కడితో చాలిస్తాను.

కణానికి బయటి నుంచి వచ్చే కబురును అందుకుని చేరవేసే సంకేత ప్రోటీన్లు కణంలో తమ గమ్యం ఎలా చేరతాయో చెప్పమన్నారు. చిరునామా, ప్రయాణం, అప్పగింత అని మూడు భాగాలు రాసుకొచ్చాను. ముందు ఒక ఫిర్యాదు. పాఠ్యపుస్తకాల్లో సంకేత మార్గం బొమ్మ చూడండి. పైన కబురు అందుకునే రిసెప్టర్, లోపల దాన్ని ఒకదానికొకటి అందించే ప్రోటీన్లు: రాస్, దాని కింద రాఫ్, మెక్, ఎర్క్, మధ్యలో బాణాలు. ప్రతి ప్రోటీనూ పుట్టిన చోటే పనిలో కూర్చున్నట్టు ఉంటుంది ఆ బొమ్మ. అసలైతే అన్నీ ప్రోటీన్లు తయారుచేసే రైబోజోముల దగ్గర పుట్టి, ఎక్కడెక్కడికో వెళ్లి పనిచేయాల్సినవి. బొమ్మలో ఆ దారి లేదు కాబట్టి, సంకేతం ఆగిపోగానే "ప్రోటీన్ పనిచేయడం లేదు" అని రాసేస్తాం. పనిచేయడం లేదా, చేరలేదా? ఇవి రెండు వేర్వేరు జబ్బులు. మందులూ వేరే.

ఇన్సులిన్ తీసుకుందాం. తయారయ్యేటప్పుడు అది 110 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో మొదటి 24 చిరునామా చీటీ. ఆ ముక్క రైబోజోమ్ లోంచి తల బయటపెట్టగానే సంకేత గుర్తింపు కణిక వచ్చి పట్టుకుంటుంది. ఆరు ప్రోటీన్లు, ఒక ఆర్‌ఎన్‌ఏ కలిసిన యంత్రం అది. రైబోజోమ్‌ను గొలుసుతో సహా ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, అంటే ఇలాంటి ప్రోటీన్లు మడత పడే అర, దాని పొర దగ్గరికి చేరుస్తుంది. గొలుసు లోపలికి దిగుతూండగానే చీటీ తెగిపోతుంది. ఈ ఊహను గుంటర్ బ్లోబెల్, డేవిడ్ సబాటినీ 1971లో ముందుకు తెచ్చారు. బ్లోబెల్‌కు 1999లో నోబెల్ వచ్చింది. మిగిలిన 86 అమైనో ఆమ్లాల్లో సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలను జతలుగా కలిపే మూడు డైసల్ఫైడ్ బంధాలు పడి, మడత సరిగ్గా కుదిరితేనే తర్వాతి మజిలీ అయిన గాల్జీకి ప్రయాణం. 96వ స్థానంలో సిస్టీన్ బదులు టైరోసిన్ వచ్చిందంటే ఒక బంధానికి జత దొరకదు. గొలుసు అక్కడే నిలిచిపోతుంది. దారుణమేమిటంటే, మంచి జన్యువు నుంచి వచ్చిన గొలుసులను కూడా అది తనతో పాటు ఇరికిస్తుంది. రెండు కాపీల్లో ఒక్కటి చెడ్డా మధుమేహం రావడానికి కారణం ఇదే.

ఇక ప్రయాణం. కిడ్నీలో, నీటిని పట్టి ఉంచమని చెప్పే వాసోప్రెసిన్ హార్మోన్‌ను అందుకునే వీ2 రిసెప్టర్ ఉంది. దాని జన్యువులో వచ్చే మార్పుల్లో ఎన్నో రిసెప్టర్ మడతను కాస్త వంకర చేస్తాయి, అంతే. రెటిక్యులంలోని నాణ్యత పరీక్ష దాన్ని ముందుకు వదలదు. ఆ రోగికి నీటిని పట్టి ఉంచే శక్తి పోతుంది, మూత్రం ఆగదు. హార్మోన్ ఎంత ఎక్కించినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే అందుకోవాల్సినది ఉపరితలం మీద లేదు. కణం లోపలికి దూరగల చిన్న మందు అణువు వెళ్లి ఆ రిసెప్టర్‌కు అతుక్కుంటే, అలాంటి కొన్ని రిసెప్టర్లు మడత కుదుర్చుకుని ఉపరితలానికి చేరాయి, హార్మోన్‌కు స్పందించాయి. పనితనం ముందునుంచీ ఉంది. లేనిది ప్రయాణం.

రాస్ దారి పూర్తిగా వేరు. దానికి రెటిక్యులం లోపలికి వెళ్లే చీటీ లేదు, కణద్రవంలోనే పుడుతుంది. చిరునామా తోకలో ఉంటుంది, చివరి నుంచి నాలుగోదైన సిస్టీన్ దగ్గర. మొదట ఒక ఎంజైమ్ దానికి పొరకు అతుక్కునే 15 కార్బన్ల కొవ్వు తోక ఫార్నెసిల్ తగిలిస్తుంది. తర్వాత రెటిక్యులం బయటి ముఖం మీద చివరి మూడు అమైనో ఆమ్లాలు తెగి, మిథైల్ చేరుతుంది. రాస్ రకాల్లో హెచ్-రాస్, ఎన్-రాస్‌లకు గాల్జీ దగ్గర పామిటేట్ అనే మరో కొవ్వు ముక్క కూడా పడాలి. కె-రాస్ 4బీకి అది అక్కర్లేదు, తోకలో వరుసగా ఉన్న ఆరు లైసిన్ల ధనావేశమే కణత్వచం లోపలి ముఖానికి అంటిపెట్టుకుంటుంది. కేన్సర్ పుట్టించే రాస్‌లో ఆ ఒక్క సిస్టీన్‌ను మారిస్తే అది కణద్రవంలో తిరుగుతూ ఉండిపోతుంది, కణాన్ని చెడగొట్టలేదు. 1984లోనే తేలిన విషయం.

అయితే ఫార్నెసిల్ పడకుండా ఆపితే చాలుగా అనుకున్నారు. మందులు తయారయ్యాయి. హెచ్-రాస్‌తో పెంచిన ఎలుకల కణుతులు కరిగాయి. మనుషుల పాంక్రియాస్ కేన్సర్‌లో మాత్రం ఆయుష్షు పెరగలేదు. ఎందుకని? అక్కడ దోషి ఎక్కువగా కె-రాస్. ఫార్నెసిల్ దొరక్కపోతే దానికి మరో ఎంజైమ్ 20 కార్బన్ల జెరానిల్‌జెరానిల్ తగిలిస్తుంది, తోక మళ్లీ పొరకు చేరుతుంది. ఒక దారి మూస్తే పక్క దారి తెరుచుకుంది. హెచ్-రాస్‌కు ఆ పక్క దారి లేదు. ఏ రాస్ ఏ దారిలో వెళ్తుందో విడివిడిగా అడగకపోతే జరిగేది ఇదే.

మూడు భాగాలన్నాను, రెండో దాంట్లోనే ఉండిపోయాను. క్షమించండి, పరిశోధక విద్యార్థులకు ఈ మాట చెప్పకుండా కదలలేను. ప్రోటీన్ ఎక్కడుందో చూపడానికి అతికించే వెలిగే ప్రోటీన్ జీఎఫ్‌పీని దయచేసి ఏ కొసన అతికిస్తున్నారో చూడండి! రాస్‌కు తోక కొసన అతికిస్తే ఆ సిస్టీన్ చివరి నుంచి నాలుగోది కాకుండా పోతుంది, ఫార్నెసిల్ పడదు. చీటీ తల దగ్గరున్న ప్రోటీన్‌కు తల కొసన అతికిస్తే చీటీ కప్పుకుపోతుంది. రెండు చోట్లా మీరు చూసేది మీ చేతులారా దారి తప్పించిన ప్రోటీన్‌నే. ప్రోటీన్‌ను మరీ ఎక్కువగా తయారుచేయించినా రెటిక్యులంలో పేరుకుపోతుంది. దాన్ని చూసి "ఈ ప్రోటీన్ నివాసం రెటిక్యులం" అని రాయకండి.

రిసెప్టర్ ఎంతదూరం వచ్చిందో చెప్పే పరీక్ష కష్టమైనది కాదు. దానికి చక్కెర గొలుసు ఉంటే చాలు. కణసారాన్ని మూడు వంతులు చేయండి. ఒకటి ఊరికే ఉంచి, చక్కెర గొలుసును కోసే ఎంజైముల్లో ఒకదానికి ఎండో-హెచ్, ఒకదానికి పీఎన్‌జీ-ఎఫ్ కలిపి 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, జెల్ మీద నడిపి చూడండి. ఎండో-హెచ్‌తో ప్రోటీన్ గీత కిందికి దిగితే ప్రోటీన్ ఇంకా గాల్జీ మధ్య అరలు దాటలేదు. దిగకుండా పీఎన్‌జీ-ఎఫ్‌తో మాత్రమే దిగితే దాటేసింది. ఏడుసార్లు పొర దాటే రిసెప్టర్లను 95 డిగ్రీల దగ్గర మరిగించవద్దు, ముద్దకట్టి జెల్ పైనే నిలిచిపోతాయి. ఉపరితలం మీద ఎంతుందో తెలియాలంటే కణాలను మంచు మీద ఉంచి, ఉపరితల ప్రోటీన్లకు గుర్తుగా అంటుకునే, పొర దాటలేని బయోటిన్‌తో అరగంట. ఆ ద్రావణంలో ట్రిస్ అనే బఫర్ ఉండకూడదు, బయోటిన్‌ను అదే తినేస్తుంది. తర్వాత గ్లైసిన్‌తో ఆపాలి. బయోటిన్ అంటిన ప్రోటీన్లను పట్టుకున్న భాగంలో కణం లోపలి ప్రోటీన్ ట్యూబ్యులిన్ కూడా కనిపించిందంటే కణాలు కారుతున్నాయి, ఆ ఫలితం పారేయండి.

అప్పగింతకు సమయం మిగల్లేదు. కేంద్రకం గురించి ఒక్కటి చెప్పి ముగిస్తాను. ఎస్‌వీ40 వైరస్ ప్రోటీన్ టీ-యాంటిజెన్‌కు కేంద్రకంలోకి దారి చూపేది ఏడు అమైనో ఆమ్లాల చీటీ. దాన్ని పరీక్షించడానికి ఒంటరి జీఎఫ్‌పీ పనికిరాదు. దాని బరువు 27 కిలోడాల్టన్లే కాబట్టి చీటీ లేకున్నా కేంద్రకపు పొర రంధ్రాల్లోంచి దూరిపోతుంది. మూడు జీఎఫ్‌పీలు కలిపి కట్టి, ఆ చీటీ తగిలించండి, లోపలికి వెళ్తుంది. ఇక టీ-యాంటిజెన్ సంగతి: 128వ స్థానంలోని ఒక్క లైసిన్‌ను మార్చినప్పుడు, మిగతా ప్రోటీన్ అంతా ఉన్నది ఉన్నట్టే ఉండి, కేంద్రకం బయటే నిలిచిపోయింది.