దుమ్ము ఆగిపోయే గీత

తమ్ముడు: అందరికీ నమస్కారం, సంక్రాంతి శుభాకాంక్షలు. ఈసారి ఒంగోల్లో కాదు, చీమకుర్తిలో మా ఇంటి వరండాలో కూర్చుని రికార్డు చేస్తున్నాం. పండగ కాబట్టి క్వారీ లారీలు లేవు, ఊరు ప్రశాంతంగా ఉంది. మా అక్క వచ్చింది. కొత్తగా పుట్టిన నక్షత్రాల చుట్టూ తిరిగే దుమ్ము పళ్ళేల మీద పీహెచ్‌డీ చేస్తోంది. అక్కా, పొద్దున అమ్మ అడిగిందే, దుమ్ములో అంత చూసేదేముందని. అదే నేనూ అడుగుతున్నా.

అక్క: ఆ దుమ్మే గ్రహాలవుతుంది కదరా. మన చీమకుర్తి క్వారీల్లో తీసే గెలాక్సీ రాయి చూడు. నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరుస్తాయే, అవి బ్రాంజైట్. మెగ్నీషియం, ఇనుము, సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పైరాక్సీన్ ఖనిజం. ఇక్కడ అది భూమి లోపల శిలాద్రవం చల్లారితే ఏర్పడింది. అదే పైరాక్సీన్ కుటుంబం ఆ నక్షత్రాల దుమ్ములోనూ ఉంది. కంటికి కనపడని పరారుణ కాంతిలో, 10 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే మిల్లీమీటరులో నూరోవంతు దగ్గర, గ్రాఫు గీస్తే దాని గుర్తు పడుతుంది. చిన్నప్పటి నుంచీ కాళ్ళ కింద చూసిన రాయి, ఆ గ్రాఫులో పేరు కనపడిన రోజు నాకు నిద్ర పట్టలా.

తమ్ముడు: పళ్ళెం మొత్తం కాదు, నీకు లోపలి అంచే కావాలంటావు.

అక్క: అవును. నక్షత్రం దగ్గరికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. సుమారు 1500 కెల్విన్, అంటే 1200 డిగ్రీల సెల్సియస్ దాటాక, సిలికేట్ దుమ్ము, అంటే ఇందాకటి పైరాక్సీన్ లాంటి రాతి దుమ్ము, కరిగి నీరుకాదు, నేరుగా ఆవిరవుతుంది. పూజగదిలో డబ్బా మూత సరిగా పెట్టకపోతే కర్పూరం హరించుకుపోతుందే, అట్టా. ఆ గీతకి లోపల గ్యాసే, దుమ్ముండదు. సూర్యుడికి 50 రెట్లు వెలుగున్న నక్షత్రమైతే ఆ గీత దాదాపు ఏడున్నర కోట్ల కిలోమీటర్ల దగ్గర పడుతుంది. ఆ దూరాన్నే మన సూర్యుడి నుంచి కొలిస్తే బుధుడికీ శుక్రుడికీ మధ్య అన్నమాట.

తమ్ముడు: అంత దూరాన ఉన్నదాన్ని ఎట్టా చూస్తారక్కా?

అక్క: 500 కాంతి సంవత్సరాల అవతల ఆ ఏడున్నర కోట్లు ఎంత కనపడతాయంటే, ఒంగోల్లో నిలబడి ఢిల్లీలో ఐదు రూపాయల బిళ్ళని చూసినంత. చిలీలో పరనాల్ కొండ మీద 8.2 మీటర్ల టెలిస్కోపులు నాలుగున్నాయి. వాటిలోకొచ్చిన కాంతిని ఒకచోట కలిపి కొలుస్తారు. చాలాసార్లు చేతికొచ్చేది ఫోటో కాదు, అంకెలు. ఏ ఆకారం నుంచి ఆ అంకెలొస్తాయో మేం లెక్కకట్టాలి.

తమ్ముడు: ఆకారం తెలిసిందేగా, గుండ్రటి అంచు.

అక్క: పై నుంచి గుండ్రమే. పక్క నుంచి ఎట్టా ఉందన్నదే పేచీ. పలచటి పళ్ళెం అనుకుని లెక్కేస్తే, 3 మైక్రాన్ల దగ్గర ఆ నక్షత్రాల్లో, నక్షత్రం సొంత వెలుగు పోగా కనపడే అదనపు కాంతి లెక్కలో రావట్లా. 2001లో నట్టా, డుల్లెమాండ్, డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు ఒక దారి చూపించారు. నిన్న భోగి మంట గుర్తుందా? ముందు వరుసలో వాళ్ళకి ముఖాలు మాడుతున్నాయి, వాళ్ళ వెనక పిల్లలకి చలి. పళ్ళెంలోనూ అంతే. లోపలి అంచుకి వేడి ఎదురుగా కొడుతుంది, అక్కడి గ్యాస్ ఉబ్బి గోడలా లేస్తుంది, దాని వెనక నీడ పడుతుంది. అదనపు కాంతి ఆ గోడది.

తమ్ముడు: ఇంకేం, తేలిపోయిందిగా.

అక్క: లేదురా. నిటారు గోడని నెత్తి మీద నుంచి చూస్తే దాని ముఖం కనపడదు. కానీ పళ్ళెం మనకి నిట్టనిలువుగా పై నుంచి కనపడే నక్షత్రాల్లోనూ ఆ కాంతి ఉంది. 2005లో ఇసెల్లా అనే శాస్త్రవేత్త, నట్టా కలిసి దీన్ని సరిచేశారు. గ్యాస్ పలచబడితే దుమ్ము ఇంకా తక్కువ వేడికే ఆవిరవుతుంది. పైకి పోయేకొద్దీ గ్యాస్ పలచన కాబట్టి అక్కడ దుమ్ము వెనక్కి జరుగుతుంది. గోడ పైభాగం గుండ్రంగా వెనక్కి వాలుతుంది. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా నచ్చిన మాట ఇదే. ఒక్క గ్యాస్ ఒత్తిడిని లెక్కలోకి తెచ్చారు, ఆకారం దానంతటదే వచ్చేసింది.

తమ్ముడు: మరి నీ పనేంది?

అక్క: దుమ్ము ఎక్కడుందో తెలిస్తేనే వేడి తెలుస్తుంది. వేడి తెలిస్తేనే దుమ్ము ఎక్కడుందో తెలుస్తుంది. అందుకని మొదట ఒక అంచు అనుకుని, కంప్యూటర్లో లక్షల కాంతి పొట్లాలు వదిలి, వేడి లెక్కేసి, మాడిన చోట దుమ్ము తీసేసి, మళ్ళీ మొదలుపెడతాం. అంచు కదలడం మానేదాకా అదే పని. ఈ లెక్క కోసం పళ్ళేన్ని గళ్ళు గళ్ళుగా విడగొడతాం. పోయినేడాది నేను అంచు దగ్గర గళ్ళు పెద్దవిగా గీశా. వెలుగు తగిలి ఆగిపోయే మందం ఆ గడిలో ఒక మూలకి కూడా రాదు. దాంతో అంచు తప్పు చోట వచ్చింది, రెండు నెలల కంప్యూటర్ లెక్కలు పారేశా. ఏడ్చా కూడా. ఇప్పుడు అక్కడ గళ్ళు వెంట్రుకంత సన్నగా గీస్తా.

తమ్ముడు: ఇప్పుడేం నడుస్తోంది?

అక్క: రేణువుల సైజులు. సన్న దుమ్ము వెలుగుని బాగా పట్టుకుంటుంది కానీ వేడిని సరిగా వదల్లేదు, తొందరగా మాడిపోతుంది. పెద్ద రేణువులు వేడి వదిలేస్తాయి, నక్షత్రానికి ఇంకా దగ్గరగా నిలబడతాయి. పైగా బరువు కాబట్టి పళ్ళెం నడిమికి దిగుతాయి. అంటే కింద అంచు ముందుకి, పైన వెనక్కి. వాలు ఇంకా పెరగాలి. ఎంత పెరుగుతుందో చూద్దామని మొన్న బయల్దేరేముందు సర్వర్‌లో వేసొచ్చా. రేపు కనుమ రాత్రికి తేలుతుంది.