చాక్లెట్ తింటే ఐడియాలొస్తాయా?

(క్లోజప్: ఖాళీ పేజీ ఉన్న ల్యాప్‌టాప్, పక్కన సగం విప్పిన చాక్లెట్ బార్.)

స్క్రిప్ట్ రాసేవాళ్లనీ, బొమ్మలేసేవాళ్లనీ, అర్ధరాత్రి దాకా ఎడిటింగ్ చేసేవాళ్లనీ అడగండి. "ఓ ముక్క నోట్లో పడితే గానీ బుర్ర కదలదు" అంటారు చాలామంది. అందులో నిజమెంత?

ఈ మాటొస్తే అందరూ ఎత్తే లెక్క ఒకటుంది.

(గ్రాఫ్: చుక్కలు ఒక్కొక్కటిగా పైకి.)

2012లో ఫ్రాంజ్ మెస్సెర్లి అనే డాక్టర్ న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఈ గ్రాఫ్ వేశారు. 23 దేశాల్లో తలసరి చాక్లెట్ వాడకం ఒకవైపు, కోటి జనాభాకి ఎన్ని నోబెళ్లన్నది ఇంకోవైపు. రెండూ చెట్టాపట్టాలేసుకుని పెరిగాయి. అందరికంటే పైన స్విట్జర్లాండ్! తాను రోజూ చాక్లెట్ తింటానని ఆ డాక్టరే వ్యాసం చివర రాసుకున్నారు. అంటే సగం సరదా. డబ్బున్న దేశాలు చాక్లెట్లూ కొంటాయి, ల్యాబులూ కడతాయి. అంతే సంగతి.

ఇప్పుడు అసలు సరుకు చూద్దాం.

(స్కేలు మీద రెండు ముక్కలు: 20 గ్రాములు.)

కోకో 70 శాతం దాటిన డార్క్ చాక్లెట్ 100 గ్రాముల్లో సుమారు 80 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. దానికి పదింతలు థియోబ్రోమిన్. ఇది కెఫీన్‌కి చుట్టమే కానీ నెమ్మదస్తురాలు, కాఫీలా ఒక్కసారిగా కుదిపేయదు. మీరు తినే రెండు ముక్కల్లో కెఫీన్ 16 మిల్లీగ్రాములు. ఒక కప్పు కాఫీ ముందు అదెంత?

2020లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో కొందరికి 200 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చారు. ఒకే సరైన జవాబున్న చిక్కుముడులను వాళ్లు మెరుగ్గా విప్పారు. కొత్త ఐడియాలు మాత్రం ఎక్కువేం రాలేదు. ఆ మోతాదు చాక్లెట్ నుంచి రావాలంటే పావు కిలో డార్క్ బార్ తినాలి. మిల్క్ చాక్లెట్ అయితే కిలో! ఐడియా సంగతి దేవుడెరుగు, ముందు కడుపు సంగతి చూసుకోవాలి.

మరి పనిచేస్తున్నట్టు ఎందుకనిపిస్తుంది? నా ఉద్దేశంలో ఆ ముక్క చేయించే విరామం వల్ల.

(క్లోజప్: నాలుక మీద ముక్క అంచులు మెత్తబడటం.)

చాక్లెట్‌లోని కొవ్వు, అంటే కోకో వెన్న, సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నోటి వేడి అంతకంటే కాస్త ఎక్కువ. కొరక్కుండా చప్పరిస్తే ముందు చేదు, తర్వాత కాస్త పులుపు, చివర్లో తీపి. ఆ కాసేపు చేతులు కీబోర్డు మీద ఉండవు, కళ్లు ఫోన్ మీద ఉండవు. ఇరుక్కున్న సీను అలాంటప్పుడే కదులుతుంది. కాకపోతే మే నెలలో మన టేబుల్ మీద వదిలేస్తే నోటిదాకా కూడా రాదు!

కొనేటప్పుడు వెనక లేబుల్ తిప్పండి. అన్నిటికంటే ఎక్కువున్నదే మొదట రాస్తారు. మొదటి పేరు చక్కెర అయితే అది మిఠాయే. కోకో మన దగ్గరా పండుతుంది. దేశంలో ఎక్కువ పంట ఆంధ్రాదే. గోదావరి జిల్లాల కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతర పంటగా వేస్తారు. ఆ గింజలతో చేసిన డార్క్ బార్లు ఇప్పుడు హైదరాబాద్‌లోనే దొరుకుతున్నాయి.

ఇంట్లో కుక్క ఉంటే మాత్రం బార్ టేబుల్ మీద వదలకండి. థియోబ్రోమిన్‌ని అది త్వరగా అరిగించుకోలేదు, ప్రాణం మీదికి రావచ్చు. డబ్బాలో పెట్టి మూత బిగించండి.