ఆపరేషన్ అయిన మూడు వారాలకు నల్ల విరేచనం

శ్రోతలకు నమస్కారం.

గాల్‌బ్లాడర్‌లో రాళ్లకు ఆపరేషన్ చేయించుకుని, వెంటనే ఇంటికొచ్చి పనుల్లో పడినవాళ్లు మన బంధువుల్లో ఎవరో ఒకరు ఉంటారు. చాలామందికి ఆ తర్వాత ఏ ఇబ్బందీ రాదు. ఇబ్బంది వచ్చే అతి కొద్దిమంది కోసమే ఈ నాలుగు మాటలు.

ఇలాంటి కేసు ఎలా నడుస్తుందో చెబుతాను. నలభై దాటిన ఒక ఇల్లాలు అనుకోండి. లాపరోస్కోపీతో గాల్‌బ్లాడర్ తీశారు, కుట్లు మానాయి. మూడు వారాల తర్వాత ఒక రాత్రి కుడి డొక్క కింద మెలిపెట్టే నొప్పి. తెల్లారి విరేచనం నల్లగా, జిగటగా, భరించలేని వాసనతో. ఐరన్ మాత్రల వల్లేమోలే అనుకున్నారు. రెండు రోజులకు కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లనగానే మనవాళ్లు ఎక్కడికి వెళతారో మీకు తెలుసు కదా, పసరు పోయించారు. ఆ రాత్రే కళ్లు తిరిగి పడిపోయింది.

ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేస్తే కడుపు శుభ్రంగా ఉంది. అల్సర్ లేదు. ఆ సమయానికి రక్తం ఆగింది మరి. ఈ జబ్బు మోసం అక్కడే ఉంది: కారుతుంది, ఆగుతుంది, మళ్లీ కారుతుంది. చివరికి ఒక డాక్టర్ అడిగారు, “అమ్మా, ఈమధ్య ఆపరేషన్ ఏమైనా అయిందా?” “అయింది సార్, అది ఎప్పుడో తగ్గిపోయిందిగా!”

దారి దొరికింది ఆ ఒక్క ప్రశ్నతోనే. సీటీ యాంజియోగ్రామ్ తీస్తే, లివర్‌కు వెళ్లే రక్తనాళం ఒకచోట బుడగలా ఉబ్బి ఉంది. సైకిల్ ట్యూబు గోడ పలచబడినచోట ఉబ్బుతుందే, అలాగ. ఆపరేషన్‌లో తగిలిన చిన్న గాయం రోజుల తరబడి అలా ఉబ్బి, పక్కనే ఉన్న పిత్తనాళంలోకి చిట్లింది. అందులో రక్తం గడ్డకట్టి పైత్యరసానికి అడ్డుపడితే నొప్పి, కామెర్లు. పేగులోకి దిగితే నల్ల విరేచనం. దీన్ని హీమోబీలియా అంటారు. ఈ మూడు లక్షణాలనూ జర్మన్ వైద్యుడు క్విన్కే 1871లోనే వర్ణించాడు. కానీ మూడూ కలిసి కనిపించేది సగం మందిలో కూడా కాదు. ఏ ఒక్కటి ఉన్నా అనుమానించాల్సిందే. ఇప్పుడు ఎక్కువ కేసులకు కారణం మా డాక్టర్ల చేతిపనే: లివర్ బయాప్సీ (పరీక్ష కోసం సూదితో చిన్న ముక్క తీయడం), పిత్తనాళంలో పెట్టే గొట్టాలు, ఇలాంటి ఆపరేషన్లు.

వైద్యం చూడముచ్చటగా ఉంటుంది. పొట్ట కోయరు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం లివర్ దాకా పంపి, బుడగకు ముందూ వెనకా కూడా చిన్న లోహపు కాయిల్స్ వదులుతారు. ముందు మాత్రమే మూస్తే పక్క దారుల్లోంచి రక్తం వెనక నుంచి వచ్చేస్తుంది. మరి లివర్ ఏమవుతుందని టెన్షన్ పడకండి. దానికి చేరే రక్తంలో దాదాపు ముప్పావు వంతు పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర అనే వేరే నాళం ద్వారా వస్తుంది, మామూలుగా అది సరిపోతుంది. పిత్తనాళంలో మిగిలిన గడ్డలను ఈఆర్‌సీపీతో, అంటే నోటి గుండా పంపే ఎండోస్కోపీ గొట్టంతో తీసి, అవసరమైతే స్టెంట్ పెడతారు.

ఇక మీరు చేయాల్సింది ఒక్కటే. లివర్‌కో, గాల్‌బ్లాడర్‌కో ఏదైనా చేయించుకున్నాక, వారాలు గడిచినా సరే, విరేచనం నల్లగా వచ్చినా, కళ్లు పచ్చబడినా, డాక్టర్ అడిగేదాకా ఆగకండి. మొదటి మాటగా ఆ ఆపరేషన్ సంగతి చెప్పండి. డిశ్చార్జ్ సమ్మరీ వెంట తీసుకెళ్లండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే అదీ చెప్పండి, మీ అంతట మీరు మానేయకండి. ఐరన్ మాత్రలకూ విరేచనం నల్లబడుతుంది, నిజమే. అది తేల్చాల్సింది డాక్టర్. కళ్లు తిరుగుతున్న మనిషిని మాత్రం బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని బయల్దేరకండి, 108కి ఫోన్ చేయండి.

నమస్కారం.